గొలుసులు విప్పించిన వైద్యుడు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరగానే నాకు ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ పినెల్ పేరు తోచింది. కారణం మా ఇంట్లోనే ఉంది. నా చిన్నతనంలో మా చిన్న మేనమామకు మతి చలించింది. పశువుల పాకలో గుంజకు గొలుసుతో కట్టి ఉంచేవారు. అన్నం గిన్నెను దూరం నుంచి కర్రతో ఆయన ముందుకు నెట్టి రావడం నా పని. అది తప్పని ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఉద్యోగంలో చేరాక గ్రంథాలయంలో పినెల్ గురించి చదివాను. అప్పటికి మామయ్య పోయి చాలా ఏళ్ళయింది.

పినెల్ 1745లో దక్షిణ ఫ్రాన్సులో ఒక శస్త్రవైద్యుని ఇంట జన్మించారు. మొదట మతవిద్య అభ్యసించి, తరువాత తులూజ్‌లో 1773లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. 1778లో పారిస్ చేరితే అక్కడివారు ఆ పట్టాను ఖాతరు చేయలేదు. దాదాపు పదిహేనేళ్ళు లెక్కలు చెప్పుకుంటూ, వైద్యగ్రంథాలు అనువదిస్తూ, ఒక ఆరోగ్యపత్రికను చూసుకుంటూ కాలక్షేపం చేశారు. ఆ రోజుల్లోనే ఆయన మిత్రుడొకరు మతి చెడి, ఇల్లు విడిచిపోయి దిక్కులేక మరణించారు. ఆ దుఃఖమే ఆయనను మనోవ్యాధుల వైపు మళ్ళించింది.

1793లో, విప్లవం ఉద్ధృతంగా ఉన్న సమయంలో, పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆసుపత్రికి వైద్యుడిగా నియమితులయ్యారు. అక్కడ రోగులు కొందరు ఏళ్ళ తరబడి ఇనుప సంకెళ్ళలో ఉన్నారు. రోగి శరీరం నుంచి రక్తం తీయించడమే ఆనాటి ప్రధాన చికిత్స.

అక్కడి పిచ్చివారి వార్డును చూసే అధికారి పేరు పుస్సిన్. ఆయన డాక్టరు కాదు. వృత్తి తోళ్ళు ఊనడం. గండమాల వ్యాధికి చికిత్స కోసం ఆ ఆసుపత్రికే వచ్చి, నయమై, అక్కడే ఉద్యోగంలో కుదిరారు. రోగుల మీద చెయ్యి చేసుకోరాదని సిబ్బందిని కట్టడి చేశారు. కోలుకున్న రోగులనే సేవకులుగా పెట్టుకున్నారు. పినెల్ ఈ పనిని శ్రద్ధగా చూసి నేర్చుకున్నారు. తాను రోగుల దగ్గర కూర్చుని మాట్లాడేవారు, ప్రతివారి చరిత్రా రాసి పెట్టేవారు. 1795లో ఆయన స్త్రీల ఆసుపత్రి అయిన సాల్పెత్రియేర్‌కు మారారు. బిసెత్ర్‌లో సంకెళ్ళు తీయించినది 1797లో, పుస్సినే. తరువాత సాల్పెత్రియేర్‌లోనూ సంకెళ్ళు పోయాయి. 1802లో పుస్సిన్‌ను పినెల్ తన దగ్గరకు రప్పించుకున్నారు. ఉద్రేకం పట్టలేనివారికి బిగుతు చొక్కా తొడగడం మాత్రం సాగింది. ఆ సంగతి కూడా చెప్పాలి.

నేను గుమాస్తాగా బతికినవాణ్ణి. కిందివాడు రాసిన నోటు మీద సంతకం చేసి, అది తన తెలివేనని చెప్పుకునే పైవారిని ఎందరినో చూశాను. పినెల్ అలా చేయలేదు. పుస్సిన్ దగ్గర నేర్చుకున్నానని తన గ్రంథంలోనే ఒప్పుకున్నారు. మొత్తం ఘనత పినెల్‌కు కట్టబెట్టినవారిలో ఆయన కుమారుడూ ఉన్నారు. 1876లో వేసిన ప్రసిద్ధ చిత్రంలోనూ నాయకుడు పినెలే.

1801లో వెలువడిన ఆ గ్రంథంలో పిచ్చికి కారణాలుగా వంశపారంపర్యం, పుత్రశోకం వంటి తీరని దుఃఖం, ఆస్తినష్టం, భగ్నప్రేమ, విప్లవకాలపు భయం ఆయన చూపారు. దయ్యమూ కాదు, పాపఫలమూ కాదన్నమాట. వారసత్వం, మెదడులోని మార్పులు, జీవితంలో తగిలే దెబ్బలు కలిసి జబ్బు తెస్తాయని నేటి వైద్యులు అంటున్నారు. పినెల్ చేతిలో ఉన్నవి ఓర్పు, మంచి మాట, చేయడానికి ఏదో ఒక పని. తీవ్రమైన ఉన్మాదాన్ని అణిచే క్లోర్‌ప్రోమజీన్ మందు అదే పారిస్‌లో వాడుకలోకి వచ్చేసరికి 1952 అయింది.

1811లో పుస్సిన్ కన్నుమూశారు. 1822లో పినెల్‌ను ఆచార్య పదవి నుంచి తప్పించారు. 1826లో ఆయన పారిస్‌లో మరణించారు.

మన దేశంలో 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో ఉన్న మనోరోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. మనోరోగిని గొలుసుతో కట్టరాదని 2017 నాటి చట్టంలో స్పష్టంగా రాశారు. మా మామయ్యకు వచ్చిన జబ్బేమిటో ఏ డాక్టరూ చూడలేదు. ఆయన గొలుసు విప్పింది పాడె కట్టే ముందు.