పక్షుల వైద్యుడు జెర్డన్

పుట్టుకచే పరదేశీయుడైనను మన పక్షులను వాని తెలుగు పేర్లతోగూడ గ్రంథస్థము గావించినవాడు థామస్ కేవర్‌హిల్ జెర్డన్. టెక్కలి, పలాస, ఉద్దాన ప్రాంతవాసులమగు మనము ఈయన చరిత్రము నెరుగుట యుక్తము.

జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండునందలి డర్హాము మండలమున జన్మించెను. ఎడింబరోలో చదువుకొని, ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయవైద్యుడై 1836లో మద్రాసు చేరెను. గంజాం జిల్లాలో జ్వరముచేతను, విరేచనములచేతను కృశించుచున్న సైనికులకు చికిత్స చేయుట ఆయనకు లభించిన తొలి పని. ఆ కాలమున మన టెక్కలి సీమయు గంజాం జిల్లాలోనిదే. రోగులను చూచుచునే ఆయన తూర్పు కనుమల పక్షులను పరిశీలింప మొదలిడెను.

పిమ్మట నెల్లూరునందు వైద్యుడుగా నుండెను. దక్షిణదేశపు పక్షుల పట్టికను 1839 మొదలు ప్రకటించెను. 1862-64 సంవత్సరములలో వెలువడిన ఆయన బృహద్గ్రంథము భారతదేశమందలి వేయికి పైగా పక్షిజాతులను వర్ణించుచున్నది. పల్లెవాసుల నోట విననిదే అందలి తెలుగు పేర్లు ఆయనకు దొరకియుండవు.

ఆ గ్రంథమున గూడబాతును గూర్చి యొక విశేషము కలదు. నాడు కర్ణాటకమనబడిన తూర్పుతీరపు సీమలో ఒక గ్రామమధ్యమున, అంతగా ఎత్తులేని చెట్లపై ఆ పక్షులు తరతరములుగా గూళ్ళు కట్టుచు, మనుష్యుల సామీప్యమును లెక్కసేయకుండుటను తాను స్వయముగా చూచినట్లు వ్రాసెను. ఇది చదువగనే మనకు టెక్కలి చెంతనున్న తేలినీలాపురము స్ఫురింపక మానదు.

అచ్చటికి ఏటేట సెప్టెంబరు మొదలు గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును వచ్చును. ఊరి చింతచెట్లపై గూళ్ళు కట్టి, నౌపడా చిత్తడి నేలలనుండి చేపలు తెచ్చి పిల్లలను సాకి, వేసవికి మరలిపోవును. సైబీరియానుండి వచ్చునని జనుల వాడుక; కాని ఈ రెండును దక్షిణాసియాలోనే పుట్టి పెరుగు పక్షులు. వాని రాకను గ్రామస్థులు శుభముగా నెంచుదురు. అది సంరక్షణ కేంద్రమైనను, అసలు కాపలా ఆ నమ్మకమే.

జెర్డన్ 1870లో స్వదేశమునకు మరలి, 1872 జూన్ 12వ తేదీన మరణించెను. ఆయన పేరు మోయు కలివికోడి 1900 తరువాత కానరాక, నశించెనని తలపబడి, 1986లో కడప జిల్లా పొదలలో మరల కనబడెను. ఉనికిపట్టు మిగిలినందుననే ఆ పక్షియు మిగిలినది.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినప్పుడు ఉద్దానమున ఎన్ని చెట్లు కూలెనో మనమెరుగుదుము. గాలి కూల్చిన చెట్టునకు మనము బాధ్యులము కాము. గొడ్డలితో కూల్చిన చెట్టునకు, పూడ్చిన చిత్తడి నేలకు మనమే బాధ్యులము. చింత నాటినవాడు దాని నీడను పూర్తిగా అనుభవింపడు. మనుమలును, గూడబాతులును అనుభవించును. ఆ లెక్క తెలిసి యొక్కొక్క చింతమొక్క నాటినచో, జెర్డన్ చూచిన దృశ్యము మన సీమలో చెరగకుండును.