మన్యపు మకాములు

చలికాలము వచ్చినదనగా విశాఖపట్నము నుండి ఎందరో యువకులు లంబసింగికి ప్రయాణము కట్టుదురు. ఓడరేవును, ఉక్కు కర్మాగారమును వెనుక విడిచి, నర్సీపట్నము దాటి, ఘాటుదారి నెక్కి, చెట్ల నడుమ గుడారములు వేసికొందురు. రాత్రి నెగడు చుట్టు కూర్చుండి, తెల్లవారుజామున కమ్ముకొను మంచును కన్నులార చూచి, మరునాటికి ఇల్లు చేరుదురు. లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు ఆ దారి ఎవరి చెమటతో ఏర్పడినదో తెలిసినవారు వారిలో కొందరే యుందురు. ఆ దారితోనే అల్లూరి సీతారామరాజు కథ ముడివడియున్నది.

సీతారామరాజు 1897వ సంవత్సరము జూలై 4వ తేదీన నాటి విశాఖపట్నము జిల్లాలోని పాండ్రంగి గ్రామమున జన్మించెను. తల్లి సూర్యనారాయణమ్మ, తండ్రి వెంకటరామరాజు. 1908లో తండ్రి మరణించుటచే బాలుడు బంధువుల యండను ఊరూరు తిరిగి చదువవలసివచ్చెను. విశాఖపట్నములోని ఎ.వి.ఎన్. కళాశాలలోను కొంతకాలము చదివెను. చదువులో ముందు నిలిచినవాడు మాత్రము కాడు. చిరకాలము ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినవాడను గనుక ఈ మాట వ్రాయుటకు నా చేయి కొంచెము వెనుకాడుచున్నది. కాని నిజము నిజమే. గుఱ్ఱపుస్వారి, జ్యోతిషము, మూలికావైద్యము ఆయనకు ప్రియమైన విద్యలు. 1916లో ఉత్తరదేశయాత్రకు వెడలి, పుణ్యక్షేత్రములు దర్శించి తిరిగివచ్చి, తాండవనది చెంతనున్న కృష్ణదేవిపేటలో సన్న్యాసివలె జీవింపసాగెను.

నాటి మన్యపు స్థితి మీకు కొంత తెలియవలెను. కొండవాలున పొదలు నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో చోళ్ళు, సామలు చల్లి పండించుకొనుట అచ్చటివారి తాతలనాటి వ్యవసాయము. దీనిని పోడు అందురు. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టము వచ్చిన తరువాత అడవి సర్కారుది అయ్యెను. పోడు కొట్టుట నేరమయ్యెను. వంటచెఱకు తెచ్చుకొన్నను ఉద్యోగుల చేయి తడుపవలసివచ్చెను. దీనికి తోడు నర్సీపట్నము నుండి చింతపల్లికి రోడ్డు వేయించుచు గూడెము డిప్యూటీ తాసీల్దారు బాస్టియను కొండవారిచే వెట్టిచాకిరి చేయించెను. న్యాయమైన కూలి వారికి ముట్టలేదు. అట్టివారికి రాజు మందులిచ్చెను. మద్యము మానుడని బోధించెను. తగవులు కోర్టులకు పోక పంచాయతీలలోనే తీర్చుకొనుడని చెప్పెను. ప్రభుత్వమునకు అనుమానము పుట్టి 1922 ఆరంభమున ఆయనను కొంతకాలము నిఘాలో ఉంచెను. బట్టిపనుకుల అన్నదమ్ములు గాం గంటందొర, మల్లుదొర మొదలైనవారు ఆయనకు కుడిభుజములైరి.

1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషనులపై వారు వరుసగా పడిరి. మూడు దినములలో 26 తుపాకులు, వేలకొలది తూటాలు చేజిక్కెను. రాజవొమ్మంగిలో బంధింపబడియున్న వీరయ్యదొర విడుదలయ్యెను. రాజు తాను తీసికొన్న ఆయుధముల పట్టికపై సంతకముచేసి మరీ పోయెడివాడు! సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచియుండి, ముందు నడచుచున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చుచున్న స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు తెల్ల అధికారులనే గురిచూచి కాల్చిరి.

ఆ దినములనుండి అడవియే ఆయనకు ఇల్లు. కొండచరియపై ఒకనాడు, వాగు ఒడ్డున మరునాడు మకాము. గుడారము మోసికొనిపోవుటకు వీలులేదు. నెగడు వేయుటకును ఆలోచింపవలెను; రాత్రి మంట చాలదూరము కానవచ్చును, పగటిపొగయు ఎదుటి కొండమీది కాపలావానికి స్పష్టముగా తెలియును. వేటకు పోయినవాడు ఇంటికి మరలును. ఈ మనుష్యులకు మరలుటకు ఇల్లు లేదు. ఇట్టి మకాము తుపాకులపై నిలుచునని అనుకొనకుడు. అది కొండపల్లెలోని గంపెడు సామబియ్యముపై, చింతపండుపై, దారి చూపిన కుఱ్ఱవానిపై నిలుచును. అన్నిటికంటె మిన్నగా, ఎవరైనను అడిగినపుడు మాకు తెలియదను ఒక్క మాటపై నిలుచును. రాజు తలకు ప్రభుత్వము పదివేల రూపాయలు వెలకట్టెను. కాసు కంటబడుటయే అరుదైన ఆ పల్లెలలో పదివేలన నెంతయో మీరే ఊహించుకొనుడు. అయినను నెలలు గడచుచుండెనే గాని ఆయన జాడ తెలియలేదు.

నా యెఱుకలో రాజు చేసిన పెద్ద పొరపాటు ఒక్కటే. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెము వరిచేలలో, చెట్టు చాటు లేనిచోట, పోలీసుబలములతో పోరాటము జరిగెను. ఆ నాటి నష్టము తరువాత ఆయన దళము మునుపటివలె కోలుకొనలేదు. కొన్ని నెలలు ఏ జాడయు లేక, 1923 ఏప్రిల్ 17న ఆయన అకస్మాత్తుగా అన్నవరమున ప్రత్యక్షమై సత్యనారాయణస్వామిని దర్శించెను. జనులు మ్రొక్కిరి. పట్టుకొనవచ్చినవారు వచ్చునప్పటికి మరల అడవియే ఆయనను దాచెను.

అంతట ప్రభుత్వము దళమును వెదకుటతోపాటు పల్లెలనే శిక్షింపసాగెను. కొండలకు తిండిగింజలు చేరకుండ కట్టడి చేసిరి. గ్రామములపై జరిమానాపన్ను వేసిరి. తిండి పెట్టినారను అనుమానముతో మనుష్యులను కొట్టిరి. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడెను. 1924 జనవరిలో అస్సాము రైఫిల్సు సైనికులు దిగిరి. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డు ప్రత్యేకాధికారిగా వచ్చెను. ఒక్క మకామునకు ఇన్ని ఊళ్ళు ఆకలితో వెల చెల్లించుచుండుట రాజు ఎఱుగనిది కాదు. తనకు తానుగా లొంగిపోవ నిశ్చయించుకొనెనని కొందరందురు, ఏమరుపాటున దొరకెనని మరికొందరందురు. నాకు మొదటి మాటయే నమ్మదగినదిగా తోచును. కాని దీనిపై పెద్దలలోనే భేదాభిప్రాయము కలదు.

1924 మే 7వ తేదీ ఉదయమున మంప గ్రామము చెంత వాగులో స్నానము చేయుచుండగా ఆయన పట్టుబడెను. కొయ్యూరునకు కొనిపోయి, విచారణ లేకయే మేజరు గుడాల్ ఆయనను కాల్చి చంపించెను. తప్పించుకొన యత్నించెనని సర్కారువారు వ్రాసికొనిరి. అప్పటికాయన వయస్సు ఇరువదియారేండ్లు. శరీరమును తాను సన్న్యాసివలె నివసించిన కృష్ణదేవిపేటకే చేర్చి దహనము చేసిరి. ఆ జూన్‌లో గంటందొరయు కాల్పులలో మరణించెను.

మల్లుదొర మాత్రము అండమాను చెఱనుండి ప్రాణములతో 1937లో బయటపడెను. స్వతంత్రభారతమున జరిగిన మొదటి ఎన్నికలలో, 1952లో, విశాఖపట్నము నియోజకవర్గపు ప్రజలు ఆ కొండదొరను తమ ప్రతినిధిగా ఎన్నుకొని ఢిల్లీలోని లోక్‌సభకు పంపిరి.