చూపు పోయినంత పనై వెలుగును కొలిచిన ఫెక్నర్

కంప్యూటర్ తెర మీద వెలుగు రవ్వంత పెరిగితే కన్ను గుర్తుపడుతుందా? చూపు మీద పరిశోధన చేసేవారికి ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. దీని గురించి చదువుతూ పోగా మాకు కంప్యూటర్ పుట్టకముందే కన్నుమూసిన ఒక పెద్దాయన తారసపడ్డారు. ఆయనే గుస్తావ్ థియోడర్ ఫెక్నర్.

1801 ఏప్రిల్ 19న లుసేషియా ప్రాంతంలోని ఒక జర్మన్ పల్లెలో పుట్టారు. పాస్టరైన తండ్రి ఆయన చిన్నతనంలోనే పోయారు. 1817లో లైప్‌జిగ్‌లో వైద్యవిద్యలో చేరినా మనసు భౌతికశాస్త్రం మీదికి మళ్ళింది. పొట్ట గడవడానికి ఫ్రెంచి సైన్సు పుస్తకాలను సంపుటాల కొద్దీ అనువదించారు. ట్యూషన్లు చెప్పుకుంటూ చదివిన మన సీనియర్లకు ఈ కష్టం కొత్తేమీ కాదు. 1834లో అక్కడే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు.

కంటిలో మిగిలిపోయే రంగుల నీడలను పరిశీలించడానికి రంగుటద్దాల్లోంచి సూర్యుణ్ణి చూసేవారు. (మిత్రులారా, ఈ పని ఎవరూ చేయకండి!) కళ్ళు దెబ్బతిన్నాయి. 1840 నాటికి ఉద్యోగం పోయింది. వెలుగు భరించలేక కళ్ళకు గంతలు కట్టుకుని సుమారు మూడేళ్ళు చీకటి గదిలోనే గడిపారు. తిండి కూడా సయించలేదు. 1843లో కోలుకుని, తోటలోకి వచ్చి గంతలు విప్పి పూలను చూశారు.

1850 అక్టోబర్ 22 ఉదయం పక్క మీదుండగానే ఆయనకొక ఆలోచన తట్టింది. కరెంటు పోయిన గదిలో ఒక కొవ్వొత్తికి మరొకటి తోడైతే తేడా ఇట్టే తెలుస్తుంది. వంద కొవ్వొత్తులకు ఇంకొకటి కలిపితే అంతగా తెలియదు. అంటే కన్ను లెక్కపెట్టేది నిష్పత్తిని. వెలుగు రెట్టింపవుతూ పోతే మన అనుభూతి ఒక్కో మెట్టే ఎక్కుతుందని సూత్రీకరించి, 1860లో సైకోఫిజిక్స్ గ్రంథం వెలువరించారు. మరీ మసక వెలుగులో ఈ సూత్రం సరిపోదు గానీ, కొలిచే పద్ధతులు మాత్రం నేటికీ ఆయనవే. 1887లో లైప్‌జిగ్‌లోనే మరణించారు.

ఇప్పుడు తెర సంగతి. మామూలు కంప్యూటర్‌లో వెలుగుకు 0 నుంచి 255 దాకా 256 మెట్లు. 128 అంటే సగం వెలుగు అనుకుంటాం. కానీ సాధారణ తెరపై వచ్చేది దాదాపు 22 శాతమే. అందుకే పరిశోధకులు ఫోటోమీటరుతో ఒక్కో అంకెకు ఎంత వెలుగు వస్తోందో కొలిచి పట్టిక తయారుచేసుకుంటారు. అయినా 128 దగ్గర ఒక్క అంకె మారితే వెలుగు ఒకటిన్నర శాతానికి పైగా మారుతుంది. కన్ను అంతకన్నా చిన్న తేడానూ పసిగట్టగలదు! 1991లో పెల్లీ, ఝాంగ్ అనే శాస్త్రవేత్తలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలు మూడింటినీ రెసిస్టర్లతో వేర్వేరు పాళ్ళలో కలిపి, నలుపు తెలుపు తెర మీద వేల మెట్లు సాధించారు.