తరిమెల నాగిరెడ్డి: గెలిచిన సీటు, వదులుకున్న సీటు

ఎన్నికలు వచ్చినప్పుడల్లా రచ్చకట్ట మీద ఒక మాట వినబడుతుంది. ఎవరికి ఓటేస్తే ఏముంది, దున్నేవాడికి భూమి వస్తుందా అని. ఈ ప్రశ్నతోనే జీవితమంతా పెనుగులాడిన ప్రజాప్రతినిధి తరిమెల నాగిరెడ్డి. రాయలసీమ రైతులకు ఆయన టి.ఎన్.

అనంతపురం జిల్లా తరిమెల గ్రామంలో 1917 ఫిబ్రవరి 11న పుట్టారు. పెద్ద భూస్వామి కుటుంబం. రిషీవ్యాలీలో, మద్రాసు లయోలా కాలేజీలో, ఆపైన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. కాశీలో విద్యార్థి నాయకుడుగా ఎదిగారు, మార్క్సిజం వైపు మళ్లారు. యుద్ధం వల్ల ప్రజల బతుకులపై పడే ఆర్థిక భారాన్ని వివరిస్తూ పుస్తకం రాసినందుకు తెల్లదొరల ప్రభుత్వం జైల్లో పెట్టింది. సీమలో ఆ రోజుల్లో ఊరి పెద్దరెడ్డి మాటే చట్టం. అలాంటి ఇంట పుట్టినవాడు కూలీల పక్కన నిలబడటం చిన్న సంగతి కాదు.

అనంతపురం కరువు సీమ. ఏడాదికి 22 అంగుళాల వాన పడితే గొప్ప. అదీ అదనుకు పడదు. వాన తప్పితే పంట లేదు, పంట లేకపోతే అప్పు, అప్పు తీరకపోతే చేను షావుకారు పాలు. ఈ రైతుల మధ్య పనిచేసిన నాగిరెడ్డిని పార్టీ 1952 ఎన్నికల్లో అనంతపురం నుంచి మద్రాసు శాసనసభకు నిలబెట్టింది. ఎదుటి అభ్యర్థి కాంగ్రెసు పెద్ద నీలం సంజీవరెడ్డి. అప్పటికే మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా చేసినవాడు, ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షుడు. పైగా నాగిరెడ్డి తోబుట్టువు నాగరత్నమ్మ భర్త. బావాబావమరుదుల పోటీ అని జనం వింతగా చెప్పుకున్నారు. కానీ ఓటు వేసినవాళ్లు చుట్టరికం చూడలేదు. నాగిరెడ్డి గెలిచారు. మద్రాసు సభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1955లో మధ్యంతర ఎన్నికలొచ్చాయి. కమ్యూనిస్టులను ఓడించటానికి కాంగ్రెసు, దాని మిత్రపక్షాలు ఒక్కటైనాయి. పార్టీకి నూటికి 30కి పైగా ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం 196లో 15 వచ్చాయి. ఆ సభలో నాగిరెడ్డి లేరు. రెండేళ్లకే, 1957లో, అనంతపురం ప్రజలు ఆయన్ని లోక్‌సభకు పంపారు. 1962లో పుట్లూరు నుంచి మళ్లీ శాసనసభకు వచ్చారు. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీ వైపు నిలిచారు. 1967లో అనంతపురం నుంచి ఆ పార్టీ అభ్యర్థిగా గెలిచారు.

ఈ గెలుపుల వెనుక ఉన్న రైతుకు ఏం దక్కింది? 1961లో రాష్ట్రంలో భూగరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. నేల తరగతినిబట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చన్నారు. మెట్ట సీమలో 324 ఎకరాలు ఉంచుకోనిచ్చే చట్టం ఎవరి కోసమో వేరే చెప్పాలా? పైగా భూములు ముందే పంపకాలైపోయాయి, పేర్లు మారిపోయాయి. మిగులు భూమి పంచుతామన్నారు, పంచటానికి మిగిలింది స్వల్పం. సభలో ఎంత గట్టిగా అడిగినా చేతులెత్తే మెజారిటీ భూమి ఉన్నవారిదే. నాగిరెడ్డికి ఇది కళ్లారా కనబడింది.

1968లో దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి తదితరులతో కలిసి మార్క్సిస్టు పార్టీ నుంచి బయటికి వచ్చారు. 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. ఈ సభల వల్ల పేదల సమస్యలు తీరవని, తాను జనంలోకే పోతానని చెప్పి నడిచి వెళ్లారు. ఆ ఏడు చివరిలోనే అరెస్టయ్యారు. హైదరాబాదు కుట్ర కేసులో కోర్టుకు ఇచ్చిన సుదీర్ఘ వాంగ్మూలమే తర్వాత ‘తాకట్టులో భారతదేశం’ పుస్తకమైంది. దేశ వ్యవసాయం, పరిశ్రమ విదేశీ పెట్టుబడికి ఎట్లా లొంగిపోతున్నాయో అంకెలతో చూపించిన గ్రంథమది. ఎమర్జెన్సీలో అజ్ఞాతవాసంలో ఉంటూ 1976 జూలై 28న కన్నుమూశారు.

ఆయన సీటు వదలటం సరైనదా కాదా అన్న వాదం వామపక్షాల్లో నేటికీ తెగలేదు. సభలో గొంతు ఉంటేనే కదా కౌలుదారు గోడు రికార్డుకెక్కేది అని ఒకరంటారు. చేలో బలం లేనిది సభలో గొంతు ఎవరు వింటారని మరొకరంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. 1973లో కొత్త చట్టం వచ్చి పరిమితిని 10 నుంచి 54 ఎకరాలకు తగ్గించింది. శ్రీకాకుళం మొదలుకొని రాష్ట్రమంతా పేదలు భూమి కోసం కదిలిన కాలమది. ఆ కదలికతో సంబంధం లేకుండా, సభ తనంతట తాను మేల్కొని ఆ చట్టం చేసిందని ఏ రైతూ నమ్మడు.

ఒక సంగతిలో మాత్రం వాదానికి తావు లేదు. పదవి కోసం పార్టీ మారేవారిని మనం చాలామందిని చూశాం. నాగిరెడ్డి బయటికి వచ్చింది మంత్రి పదవికి కాదు, జైలుకూ అజ్ఞాతానికీ. ఓటు అడగటానికి వచ్చే నాయకుడిని మన రైతు ఈ కొలతతోనే కొలవాలి. గెలిచాక ఎవరి భూమి గురించి మాట్లాడాడు, ఎవరికి భయపడి ఊరుకున్నాడు? ఐదేళ్లకోసారి కాదు, ప్రతి పంటకూ ఈ లెక్క అడగాలి.