వంపుకు అంకె కట్టినవాడు: పియేర్ బెజియే

మహనీయుల జీవితాలు అనగానే మన సావనీరులో కవులూ, దేశనాయకులూ వరసగా గుర్తుకొస్తారు. ఈసారి ఒక కార్ఖానా మనిషిని పరిచయం చేద్దామని నా కోరిక. మెకానికల్ విద్యార్థులూ, కంప్యూటర్ విద్యార్థులూ పరీక్షలో బెజియే వక్రరేఖ గురించి రాస్తూనే ఉంటారు. పేరు అందరికీ తెలుసు. ఆ పేరుగల మనిషి ఎవరో, ఎందుకంత శ్రమపడ్డాడో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

పియేర్ బెజియే 1910 సెప్టెంబరు 1న పారిస్‌లో జన్మించాడు. తండ్రీ, తాతా ఇంజనీర్లే. 1930లో మెకానికల్, 1931లో ఎలక్ట్రికల్ పట్టాలు పుచ్చుకొని 1933లో రెనో కార్ల కంపెనీలో చేరాడు. రెండు పట్టాలున్నా మొదట చేసిన ఉద్యోగం టూల్ సెట్టరు పని. యంత్రానికి పనిముట్టు బిగించి, సరిచూసి, పని మొదలుపెట్టించే ఉద్యోగమన్నమాట. 1940లో యుద్ధఖైదీగా జర్మన్ల చేత చిక్కాడు. తిరిగొచ్చాక 1945లో టూల్ డిజైను ఆఫీసుకి అధిపతి అయ్యాడు. యుద్ధానంతరం రెనో చిన్నకారు భాగాలను తయారుచేసిన ట్రాన్స్‌ఫర్ యంత్రాల వరసల రూపకల్పన ఆయన బాధ్యతే.

అక్కడే ఆయనకొక చిక్కు ఎదురైంది. కారు బాడీకి వంపులెక్కువ. చిత్రకారుడు బొమ్మ గీస్తాడు, దాన్ని చూసి మట్టి నమూనా చేస్తారు, దానినుంచి కొలతలు తీసి డ్రాయింగు వేస్తారు, డ్రాయింగు చూసి కర్రతో మూలనమూనా చెక్కుతారు, దాన్నిబట్టి డై కోస్తారు. చేయి మారినప్పుడల్లా వంపు కొంచెం మారేది. చివరికి తలుపు చట్రంలో కూర్చోకపోతే తప్పు ఎవరిదంటే ఎవరిదని తగువు. అసలు ఏది సరైన ఆకారమో తేల్చేందుకు అందరూ ఒప్పుకొనే కొలత ఏదీ లేదు.

అప్పటికే అమెరికాలో జాన్ పార్సన్స్ ఆలోచనతో మొదలై, 1952లో ఎం.ఐ.టి. ప్రదర్శించిన అంకెల మిల్లింగ్ యంత్రం ఉంది. చిల్లుల టేపు చెప్పిన దారిన కట్టరు నడిచేది. బాగానే ఉంది. కాని ఆ దారిని రాసేదెవరు? వంపులో చిన్న మార్పు కావాలంటే బిందువులన్నీ మళ్లీ లెక్కగట్టాలి. డిజైనరు మనసులోని మార్పుకీ, యంత్రానికి అందే అంకెకీ మధ్య గణితజ్ఞుడు అడ్డుగోడలా నిలబడేవాడు.

బెజియే 1960 ప్రాంతంలో ఈ గోడ మీద పని మొదలుపెట్టాడు. గణితం రానివాడు కూడా వంపుని స్వయంగా మార్చుకోగలగాలన్నది ఆయన పట్టుదల. ఇంత మంచి పద్ధతే ఉంటే అమెరికావాళ్లు ఈపాటికి కనిపెట్టి ఉండేవారు కదా అన్న ధోరణిలో సొంత కంపెనీలోనే తేలిగ్గా తీసేసినవాళ్లున్నారు. ఆయన ఆగలేదు. వంపుని గీసే యంత్రాన్నీ, నురగ ప్లాస్టిక్ దిమ్మలో దాన్ని వెంటనే చెక్కే మిల్లింగ్ యంత్రాన్నీ జతచేశాడు. ఆ పద్ధతి పేరు యూనిసర్ఫ్. 1968కి రూపు దిద్దుకొని, 1975 నాటికి రెనోలో పూర్తిగా వాడుకలోకి వచ్చింది.

సూత్రం ఇదీ. ఆయన మొదట వెక్టర్లతో రాసుకున్నదాన్ని నేటి పుస్తకాలు నాలుగు బిందువులతో చెబుతాయి. అడ్డం, నిలువు కొలతలు మిల్లీమీటర్లలో (0, 0), (0, 40), (100, 40), (100, 0) అనుకోండి. వక్రరేఖ మొదటిదానిలో బయలుదేరి నాలుగోదానిలో ముగుస్తుంది. మధ్య రెండూ దాన్ని తమవైపు లాగుతాయంతే. నడిమధ్య ఎత్తు లెక్కిస్తే 30 వస్తుంది. ఆ రెండింటినీ 8 మి.మీ. పైకి జరపండి, శిఖరం 36కి లేస్తుంది. చివరలు కదలవు, అక్కడి దిశా మారదు. అంటే పక్క భాగంతో అతుకు చెడదు. వందల అంకెలు మార్చాల్సిన చోట రెండు బిందువులు జరిపితే చాలు!

మాది పరవాడ. ఒకపక్క సింహాద్రి థర్మల్ కేంద్రం, ఒకపక్క ఫార్మాసిటీ. ఈ కాలేజీలో చదివి నేనక్కడొక చిన్న వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. అరిగిపోయిన పంపు రెక్కకి బదులు కొత్తది కోసేటప్పుడు బెజియే రోజూ గుర్తుకొస్తాడు. వంపు సరిపోతే చాలదు, కట్టరు దారి వేరే ఉంది. 10 మి.మీ. వ్యాసం గల గుండ్రటి కొన కట్టరైతే దాని కేంద్రం ఉపరితలానికి 5 మి.మీ. ఎడంగా నడవాలి. ఒక వరసకీ మరో వరసకీ 1 మి.మీ. ఎడం ఇస్తే, దున్నిన చాళ్ల మధ్య గట్టులాగ సుమారు 0.025 మి.మీ. మిట్ట మిగులుతుంది. ఎడం సగం చేస్తే మిట్ట నాలుగో వంతుకి తగ్గుతుంది, యంత్రం నడిచే సమయం మాత్రం రెట్టింపవుతుంది. ఏది ఎంచుకోవాలో కంప్యూటరు చెప్పదు, పని తెలిసినవాడు చెప్పాలి.

ఇక్కడే నా బాధ. మాలాంటి చాలాచోట్ల ప్రోగ్రాము ఎక్కడో ఏసీ గదిలో తయారవుతుంది. యంత్రం దగ్గర నిలబడ్డ మేస్త్రి బటన్ నొక్కుతాడు. కట్టరు వణికే చప్పుడు ముందు వినబడేది ఆయనకే, అయినా ఫీడు తగ్గించే నాబు తప్ప ఆయన చేతిలో ఏమీ ఉండదు. దారి మార్చే హక్కు లేదు, నేర్పినవాళ్లూ లేరు. టూల్ సెట్టరుగా మొదలైన బెజియే ఇందుకు కాదూ ముప్పై ఏళ్ల అనుభవం ధారపోసింది? పని చేసే చేతికే మార్చే వీలుండాలన్నదే ఆయన పద్ధతికి ప్రాణం. యంత్రాలు దిగుమతి చేసుకున్నాం గాని ఆ ప్రాణాన్ని తెచ్చుకోలేదు.

న్యాయంగా ఇంకొకరి పేరూ చెప్పాలి. సిట్రోఎన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో 1959లోనే ఇదే గణితాన్ని చేరుకున్నాడు. కంపెనీ దాన్ని రహస్యంగా దాచింది. బెజియే తన పద్ధతిని ప్రచురించాడు, వక్రరేఖకు ఆయన పేరు స్థిరపడింది. ద కాస్తెల్జో పేరు లెక్కించే విధానానికి మిగిలింది. దాచిన విద్యకీ, పంచిన విద్యకీ తేడా అది.

1968 నుంచి 1979 దాకా ఆయన పారిస్‌లో ఉత్పత్తి ఇంజనీరింగు ఆచార్యుడు కూడా. 1975లో రెనో నుంచి రిటైరయ్యాడు. 1977లో, అరవై దాటిన వయసులో, పారిస్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేటు పొందాడు. 1985లో కంప్యూటర్ గ్రాఫిక్స్ రంగపు కూన్స్ పురస్కారం వరించింది. 1999 నవంబరు 25న కన్నుమూశాడు.

మిత్రులారా, రేపు మీలో కొందరు ఆ ఏసీ గదిలో కూర్చుంటారు. మీరు పంపిన ప్రోగ్రాము పక్కన, ఏ బిందువు జరిపితే ఏమవుతుందో నాలుగు తెలుగు మాటలు రాసిపెట్టండి. వారానికొకసారి కిందికి దిగి మేస్త్రిగారి పక్కన నిలబడండి. ఆయన చెప్పిన మార్పు మీ చేత్తో చేసి చూపించండి, తర్వాత ఆయన చేత్తో చేయించండి.