రెండు రంధ్రాల పెద్దమనిషి: హైరమ్ బెర్డన్ కథ

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళలో వారాంతంలో రైఫిల్ రేంజికి వెళ్ళే సరదా ఉన్నవాళ్ళు కొందరైనా ఉంటారు. వాళ్ళకి రీలోడింగ్ అనేది కొత్తమాట కాదు. తూటా పేలాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. ఆ గొట్టాన్ని బాగుచేసి, మళ్ళీ మందూ గుండూ ఎక్కించి వాడుకోవడమే రీలోడింగ్.

గొట్టం అడుగున మధ్యలో గుండ్రటి చిన్న గుంట ఉంటుంది. దాన్ని ప్రైమర్ పాకెట్ అంటారు. అగ్గిపుల్ల చేసే పని చేసే ప్రైమర్ అనే చిన్న గిన్నె అందులో బిగుతుగా కూర్చుంటుంది. పైకి చూస్తే అన్ని కంపెనీల ఇత్తడీ ఒకేలా ఉంటుంది కానీ, పాకెట్ దగ్గరకొచ్చేసరికి ఎవరి లెక్క వారిదే. రైఫిల్ ప్రైమర్లు రెండు సైజులు: పెద్దది సుమారు 0.210 అంగుళాల వ్యాసం, చిన్నది సుమారు 0.175. మామూలుగా .308 గొట్టానికి పెద్ద ప్రైమరే పడుతుంది. ఫిన్లాండుకి చెందిన లపువా కంపెనీ అదే .308ని చిన్న పాకెట్‌తో కూడా చేసింది. పాకెట్ నుంచి మందులోకి నిప్పు పోయే రంధ్రం మామూలుగా 2 మిల్లీమీటర్లుంటే, లపువా వారి కొన్ని చిన్న పాకెట్ గొట్టాల్లో 1.5 మిల్లీమీటర్లే ఉంటుంది. అమెరికన్ సైన్యం కోసం లేక్ సిటీ కర్మాగారంలో చేసిన గొట్టాల్లో ప్రైమర్ ఊడిపోకుండా పాకెట్ అంచుని నొక్కి బిగిస్తారు. ఆ నొక్కు తీసేస్తే తప్ప కొత్త ప్రైమర్ సరిగ్గా దిగదు. సరిగ్గా దిగని ప్రైమర్ అడుగుమట్టానికి పైకి పొడుచుకుని ఉంటే, తుపాకి మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. కాబట్టి ఇది మిల్లీమీటరులో పదోవంతుల వ్యవహారమైనా తేలిగ్గా తీసుకునేది కాదు.

ఈ తేడాలన్నిటిలోకీ పెద్దది ఇంకొకటుంది. కొన్ని గొట్టాల్లో మధ్యన ఒక్క రంధ్రానికి బదులు పక్కగా రెండు చిన్న రంధ్రాలుంటాయి. ఈ రకానికి బెర్డన్ అని పేరు. ఆ పేరుగల మనిషి గురించే ఈ వ్యాసం.

హైరమ్ బెర్డన్ 1824లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫెల్ప్స్ అనే ఊళ్ళో పుట్టాడు. చదువుకుని మెకానికల్ ఇంజనీరయ్యాడు. ఆయన బుర్ర ఒక్కచోట నిలిచేది కాదు. రాతిపొడి నుంచి బంగారాన్ని వేరుచేసే యంత్రం, పంట కోసే యంత్రం, రొట్టెలు కాల్చే యాంత్రిక బేకరీ, ఇలా ఒకదానికొకటి పొంతన లేనివి చేశాడు. డబ్బూ పేరూ రెండూ వచ్చాయి. దానికి తోడు మంచి గురికాడు. అంతర్యుద్ధానికి ముందు పదిహేనేళ్ళపాటు దేశంలో మేటి అని పేరు తెచ్చుకున్నాడు.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. గురిపెట్టి కొట్టగలవాళ్ళని రాష్ట్రరాష్ట్రం నుంచి ఏరి ఒక ప్రత్యేక దళం చేద్దామని బెర్డన్ ప్రతిపాదించాడు. చేరాలంటే పరీక్ష ఉండేది: 200 గజాల దూరం నుంచి పది గుళ్ళు పది అంగుళాల వలయంలో పడాలి. అలా రెండు రెజిమెంట్లు తయారయ్యాయి. మిగతా సైన్యం నీలం వేసుకుంటే వీళ్ళు చెట్లలో కలిసిపోయేలా ఆకుపచ్చ కోట్లు వేసుకున్నారు. వాళ్ళ శిబిరానికి అధ్యక్షుడు లింకన్ స్వయంగా వచ్చి తుపాకి పేల్చి చూశాడు. వెనకనుంచి తూటా ఎక్కించే షార్ప్స్ రైఫిళ్ళు కావాలని బెర్డన్ పట్టుబట్టాడు. ఆయుధ విభాగాధిపతి జనరల్ రిప్లీకి కొత్త రకాలంటే గిట్టదు. చివరికి 1862లో షార్ప్స్ చేతికొచ్చాయి.

బెర్డన్‌ని వీరుడని ఒక్కమాటలో తేల్చేయడం కుదరదు. దళం గొప్పదే, దానికి రూపమిచ్చిందీ ఆయనే. కానీ గుళ్ళు కురిసేచోట కల్నల్ గారు కనపడరని ఆయన కింద పనిచేసిన అధికారులే కొందరు ఆరోపించారు. గెటిస్‌బర్గ్‌లో 1863 జూలై 2న ఆయన సుమారు వందమంది గురికాళ్ళని, మెయిన్ రాష్ట్రపు దళం ఒకదాన్ని తోడు తీసుకుని పిట్జర్ అడవిలోకి వెళ్ళి దక్షిణాది సైన్యం జాడ పసిగట్టాడు. ఆ చిన్న పోరే మొత్తం యుద్ధాన్ని కాపాడిందని జీవితాంతం చెప్పుకున్నాడు. చరిత్రకారులు అంత దూరం ఒప్పుకోరు. 1864 జనవరిలో సైన్యానికి రాజీనామా ఇచ్చి మళ్ళీ యంత్రాల దగ్గరకొచ్చాడు.

అసలు కథ అక్కడ మొదలైంది. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న లోహపు తూటాల్లో చాలావాటికి పేలుడు మసాలా అడుగు అంచు లోపల ఉండేది. అంచు పలచగా ఉంటే తప్ప సుత్తి దెబ్బకి నలగదు. పలచగా ఉంటే ఎక్కువ మందుకి తట్టుకోదు. పైగా ఒకసారి పేల్చాక పారేయాల్సిందే. మసాలాని మధ్యలోకి తెస్తే అడుగు మందంగా చేసుకోవచ్చు. అయితే మసాలా నలగాలంటే దెబ్బకి ఎదురుగా గట్టి ఆధారం కావాలి, కమ్మరికి దాగలి ఉన్నట్టు. ఆ దాగలి ఎక్కడుండాలి?

బెర్డన్ దాగలిని ఇత్తడి గొట్టంలోనే, పాకెట్ అడుగున చిన్న బొడిపెగా పెట్టాడు. మధ్యలో బొడిపె ఉంది కాబట్టి నిప్పు పోవడానికి పక్కన రంధ్రాలు. దీనికి 1866 మార్చి 20న పేటెంటు వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్ అనే సైనికాధికారి ఇంకో దారి పట్టాడు. ఆయన దాగలిని ప్రైమర్‌లోనే ఇమిడ్చి, గొట్టంలో మధ్యగా ఒక్క రంధ్రం ఉంచాడు.

మేము సాఫ్ట్‌వేర్ వాళ్ళం రోజూ పడే తగువే ఇది. రెండు భాగాలు కలిసేచోట చిక్కుముడి ఏ పక్కన పెట్టాలి? బెర్డన్ పద్ధతిలో ప్రైమర్ చౌక, చేయడం సులువు. లక్షల్లో తూటాలు చేసి, వాడి, పారేసే సైన్యాలకి అది నచ్చింది. బాక్సర్ పద్ధతిలో ప్రైమర్ కాస్త ఖరీదు, కానీ పేలిన ప్రైమర్‌ని గొట్టం లోపలినుంచి ఒక్క సూదితో నెట్టేయవచ్చు. అదే సూదిని బెర్డన్ గొట్టంలో దింపితే బొడిపెకి తగిలి విరుగుతుంది. చిత్రమేమిటంటే, అమెరికన్ కనిపెట్టింది యూరప్ సైన్యాల్లో స్థిరపడింది. ఇంగ్లీషువాడు కనిపెట్టింది ఇంట్లో రీలోడింగ్ చేసుకునే అమెరికన్లకి ప్రమాణమైంది. కనిపెట్టినవాడి దేశాన్ని బట్టి కాదు, వాడేవాడి అవసరాన్ని బట్టి ప్రమాణం నిలుస్తుంది.

బెర్డన్‌ని నెత్తిన పెట్టుకున్న దేశం రష్యా. గోర్లోవ్, గునియస్ అనే రష్యన్ అధికారులతో కలిసి చేసిన రైఫిల్‌ని రష్యా 1868లో స్వీకరించింది. కోల్ట్ కంపెనీ వాటిని హార్ట్‌ఫర్డ్‌లో తయారుచేసింది. 1870లో దాన్ని మెరుగుపరచిన రెండో రకం వచ్చింది. 1891లో మోసిన్ రైఫిల్ వచ్చేదాకా రష్యా సైనికుడి భుజాన అదే. అక్కడి జనం దాన్ని బెర్డాంకా అని ముద్దుగా పిలుచుకున్నారు.

సొంత దేశంతో మాత్రం వ్యాజ్యమే మిగిలింది. స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళలో, పేలిన గొట్టాన్ని బయటికి లాగే భాగం విషయంలో ప్రభుత్వం తన పేటెంటు వాడుకుందని బెర్డన్ కంపెనీ దావా వేసింది. ఈలోగా ఆయన దూరాన్ని కొలిచే సాధనం, టార్పెడో పడవ అంటూ కొత్త ఆలోచనలు చేస్తూనే ఉన్నాడు. ఆయన కూతురు ఎలిజబెత్ 1884లో కాన్‌స్టాంటినోపుల్‌లో నవలా రచయిత మేరియన్ క్రాఫర్డ్‌ని పెళ్ళాడింది. ఈ క్రాఫర్డ్ అంతకుముందు మన అలహాబాదులో ఒక ఇంగ్లీషు పత్రికకి సంపాదకుడు.

బెర్డన్ 1893 మార్చి 31న వాషింగ్టన్‌లో చనిపోయాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి ఉంది. కంపెనీకి ప్రభుత్వం డబ్బు చెల్లించాల్సిందేనని సుప్రీంకోర్టు ఖరారు చేసింది 1895లో. తీర్పు వినడానికి ఆయన లేడు.

ఈసారి రేంజిలో నేలమీద దొరికిన ఇత్తడి గొట్టాన్ని చేతిలోకి తీసుకుంటే, పనిముట్టు పెట్టేముందు మూతి నుంచి లోపలికి టార్చి వేసి చూడండి. ఒక్క రంధ్రం కనిపిస్తే బాక్సర్ గారి చలవ, నిశ్చింతగా పని మొదలుపెట్టుకోవచ్చు. రెండు కనిపిస్తే సూది దాచుకోండి. అది బెర్డన్ గారిది. ఆయన బతికుండగానూ ఎవరికీ అంత తేలిగ్గా లొంగలేదు.