ఆకుపచ్చ సూర్యుని పరీక్షించిన ఆచార్యుడు

పుల్లలచెరువు, మార్కాపురము ప్రాంతములలో అగ్నిపర్వతములు లేవు. అయినను దూరదేశమందలి అగ్నిపర్వతము తెలుగుసీమ గగనమును సైతము మార్చగలదని 1883వ సంవత్సరము ఋజువుచేసినది. అప్పుడు రంగుమారిన సూర్యుని మదరాసునందు శ్రద్ధతో పరీక్షించిన శాస్త్రజ్ఞుడు చార్లెస్ మిచీ స్మిత్.

ఆయన 1854లో స్కాట్లండు దేశమున కీగ్ గ్రామమందు ఒక మతాచార్యుని యింట జన్మించెను. బైబిలు పరిశోధనలో పేరొందిన విలియం రాబర్ట్‌సన్ స్మిత్ ఆయనకు అన్న. మిచీ స్మిత్ యౌవనముననే భారతదేశమునకు వచ్చి, మదరాసు క్రైస్తవ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను.

1883 ఆగస్టు 26, 27 తేదీలలో జావా, సుమత్రా దీవుల నడుమనున్న క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. ఆ యుత్పాతమున ముప్పదియారు వేలమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమందిని పొట్టనబెట్టుకొన్నది సముద్రపుటలలే. మిక్కిలి యెత్తునకెగసిన సన్నని ధూళి పడమటిదిశగా భూమిని చుట్టి, సుమారు రెండువారములలో దక్షిణభారతము మీదికి వచ్చినది. సెప్టెంబరులో ఉదయాస్తమయములందు సూర్యుడు ఆకుపచ్చగను, నీలముగను కనిపించెను. పుల్లలచెరువునకు ఆగ్నేయముననున్న ఒంగోలులోను ఈ వింతను చూచి వ్రాసినవారు కలరు.

జనులు వెరగుపడి చూచుచుండగా, మిచీ స్మిత్ వర్ణపటదర్శినిని సూర్యునివైపు త్రిప్పెను. ఎఱ్ఱని కాంతి మిగుల క్షీణించుటయు, నీటియావిరి రేఖలు బలముగా నుండుటయు గమనించి, ఆ వివరములను ఎడింబరో రాయల్ సొసైటీ సంచికలో ప్రకటించెను. నీటియావిరికి ఆయన అధిక ప్రాధాన్యమొసగెను. అయితే 1888లో వెలువడిన లండను రాయల్ సొసైటీ నివేదిక క్రకటోవా ధూళినే ప్రధానకారణముగా నిర్ణయించినది. ధూళితోపాటు గంధకామ్లపు సూక్ష్మబిందువులును కాంతిని చెదరగొట్టునని తరువాతి శాస్త్రము తెలిపినది. వివరణము మారినను, ఆయన వ్రాసియుంచిన పరిశీలనలు చెక్కుచెదరలేదు.

1891లో పోగ్సన్ మరణింపగా, మిచీ స్మిత్ మదరాసు ప్రభుత్వ ఖగోళశాస్త్రజ్ఞుడయ్యెను. సూర్యపరిశోధనకు నిర్మలమైన గాలి ముఖ్యమని యెంచి, కొండలపై అనువైన తావులను పరీక్షించి, కొడైకెనాలును సూచించెను. అచ్చటి వేధశాలకు ఆయనయే తొలి అధ్యక్షుడు. 1911లో పదవీవిరమణ చేసి, ఆ కొండమీదనే నివసించి, 1922లో కన్నుమూసెను.

నేడు తొమ్మిది అంతర్జాతీయ కేంద్రములు ఉపగ్రహముల సాయమున అగ్నిపర్వత ధూళిని కనిపెట్టి విమానములను హెచ్చరించుచున్నవి. 2025 నవంబరులో ఇథియోపియాలోని హైలీ గుబ్బి ధూళి ఉత్తరభారతము మీదికి వచ్చినపుడు వాని యవసరము స్పష్టమయ్యెను. సాధనములు పెరిగినవి, కాని కన్నులారా చూచి, కొలిచి, ఉన్నదున్నట్లు వ్రాసియుంచుటయే నేటికిని ఆ పనికి పునాది.